సంతాన లేహ్యం

"జాడీ ఏదమ్మాయ్?"

మాణిక్యమ్మ ఆ మాట మొదట వంటింట్లోంచి అడిగింది. తర్వాత వసారాలోంచి అడిగింది. ఇప్పుడు ఉయ్యాల పక్కకే వచ్చి, కోడలి మొహంలోకి చూస్తూ అడిగింది.

ఛాయాదేవి తలెత్తలేదు. ఒళ్ళో పిల్లకి ఉగ్గుగిన్నెతో పాలు పడుతోంది. ఒక చుక్క లోపలికి పోతే రెండు చుక్కలు బుగ్గ మీదుగా మెడ మడతలోకి జారుతున్నాయి. రెండో నెల వెళ్ళిపోతున్నా రొమ్ము పట్టి తాగే ఓపిక రాలేదు దానికి. గుప్పెట్లు రెండూ సన్నగా వణుకుతున్నాయి. నిద్రలో కూడా ఆ వణుకు ఆగదు.

"నిన్నే అడిగేది. గూట్లో జాడీ నిన్న పొద్దున ఉంది, సాయంత్రం నుంచీ కనపడటం లేదు. పిల్లులెత్తుకుపోయే వస్తువు కాదది."

"నేనే తీశానత్తయ్యగారూ."

"తీస్తే తీశావు. ఎక్కడ పెట్టావో చెప్పు. అక్కడ వాడెట్టా ఉన్నాడో చూడు."

పడమటి గదిలో మంచం మీద రామకోటేశ్వరరావు దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. ఎండ వసారా దాటి గడపలోకి వచ్చినా దుప్పటి తియ్యలేదు. ఆవలింత మీద ఆవలింత. కళ్ళ వెంట నీళ్ళు, ముక్కు వెంట నీళ్ళు. లారీ ఆఫీసులో సరుకు రసీదులు, బిల్టీలు రాసే మనిషి, రోజూ ఈపాటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని సైకిలు తుడుచుకుంటూ ఉండేవాడు. ఇవాళ మొహం కూడా కడగలేదు.

"పడిశం పట్టింది," అంది మాణిక్యమ్మ. "ఉసిరికాయంత లేహ్యం నోట్లో వేసుకుని పాలు తాగితే గంటలో లేచి తిరుగుతాడు."

"పడిశం కాదది."

"మరేంటి?"

ఛాయాదేవి పిల్ల గడ్డం తుడిచింది. కోడలు మాటకి మాట అంటే మాణిక్యమ్మ తట్టుకోగలదు. ఇట్లా సగం చెప్పి ఊరుకుంటేనే ఆమెకి ఒళ్ళు మండుతుంది.

"మాట్లాడవేం? ఇన్నాళ్ళూ నోరు బాగానే ఉందిగా. శనివారాలు పట్టవే తల్లీ, కడుపున పడ్డవాళ్ళు నిలుస్తారంటే, నాకు నమ్మకం లేదన్నావు. ముప్ఫై ఏళ్ళ పైనుంచి నేను శనివారం అన్నం ముట్టను. ఇవాళా ముట్టను. మొదటి కాన్పు పోయినప్పుడు మా అత్త చెప్పింది, ఇది నీ కడుపు శని, నువ్వే తీర్చుకోవాలని. తీర్చుకున్నా గనకే వాడు దక్కాడు నాకు. నువ్వు పట్టవు. పైగా వాడు తినే మందు దాస్తావు."

వసారాలో పేపరు మడిచిన చప్పుడైంది. బసవయ్య లోపలికి వచ్చాడు. చల్లపల్లి దగ్గర ఆరెకరాల మాగాణి కౌలుకిచ్చి, కొడుకు పెళ్ళయిన దగ్గర్నుంచి అతనింట్లోనే, ఈ భవానీపురంలోనే ఉంటున్నాడాయన. నెలకోసారి మైలవరం బస్సెక్కి, అక్కణ్ణించి పొలాల గట్లమీద నడిచి, నాటువైద్యం చేసే ఆచారి దగ్గర లేహ్యం తేవడం ఆయన సొంత పని. ఇంకొకరికి అప్పజెప్పడు.

"ఏంటమ్మాయ్, జాడీ దాచావా?"

"దాచలేదు మామయ్యగారూ. డాక్టరుగారికిచ్చాను."

రామకోటేశ్వరరావు గదిలోంచి తుమ్మాడు.

"ఏ డాక్టరుకి?"

"అమలమ్మగారికి. పురుడు పోసినావిడకి."

"పురుళ్ళు పోసే ఆవిడకి మా మగాళ్ళ మందు ఎందుకు?"

"అందులో ఏముందో చూడటానికి."

బసవయ్య పేపరు చంకలో పెట్టుకున్నాడు. అది ఆయనకి కోపం వచ్చిన గుర్తు. "ఏముందో ఆచారికి తెలుసు. ఆచారి నాన్నకి తెలుసు. మీ పెళ్ళయిన రెండేళ్ళకి కూడా ఏ విశేషమూ లేకపోతే ఎవరు తిరిగారమ్మాయ్? నేను తిరిగా. లేహ్యం మొదలెట్టిన ఆరు నెలలకి నీకు నెల తప్పింది. తప్పిందా లేదా?"

"తప్పింది. అయిదో నెలలో పోయింది."

"అది వేరు."

"తర్వాత బాబు. తుఫాను వచ్చిన ఏడు పుట్టాడు. పురిటి స్నానం కాకముందే పోయాడు."

"అదీ వేరే. అందుకేగా ఆచారితో చెప్పి పాకం ముదురు చేయించింది."

"ఇప్పుడిది," అని ఛాయాదేవి ఒళ్ళో పిల్లని చూపించింది. "బతికే ఉంది. ఇట్లా ఉంది. మీరు మొన్న ఆదివారం వెళ్ళి పాకం ఇంకా ముదురు చెయ్యమని చెప్పొచ్చారు. ఈసారి మగపిల్లాడు నిలవాలని."

"తప్పా?"

ఆ ఒక్క మాటకే ఆమెకి అన్నాళ్ళ విసుగూ బయటికొచ్చింది. గట్టిగా అరిస్తే పిల్ల ఉలిక్కిపడుతుందని నెమ్మదిగానే మాట్లాడింది.

"మామయ్యగారూ, మొదటిసారి పోయినప్పుడు మీరందరూ ఏమన్నారు? టెలిఫోను ఎక్స్ఛేంజిలో చెవికి ఆ యంత్రం తగిలించుకుంటాను గనక కరెంటు కడుపులోకి దిగిందన్నారు. రెండోసారి నెలలు నిండేదాకా సెలవు పెట్టాను. బాబు పోయాడు. అప్పుడు వంకాయ తిన్నానన్నారు. వంకాయ మానేశాను, గోంగూర మానేశాను, టీ మానేశాను. ఎడమ పక్కకి తిరిగి పడుకున్నానన్నారు, కుడి పక్కకి తిరిగాను. ఈసారి ఉద్యోగమే మానేశాను. ఏం తిన్నావు, ఏం తాగావు, ఎక్కడ తిరిగావు అని అడగని మనిషి ఈ వీధిలో లేరు. పాలు పోసే అమ్మాయి కూడా అడిగింది. ఈయన్ని మాత్రం ఇంతవరకూ ఒక్కరూ ఒక్క మాట అడగలేదు."

"వాణ్ణేమడగాలి?" అంది మాణిక్యమ్మ. నిజంగానే తెలియక అడిగింది.

"అదే డాక్టరుగారు అడుగుతానంటున్నారు. ఇవాళ పొద్దున్నే తీసుకు రమ్మన్నారు."

రామకోటేశ్వరరావు దుప్పటి పక్కకి నెట్టాడు. "నన్నెందుకు? నాకేమైంది? కన్నది నువ్వు."

ఛాయాదేవి అతని వంక చూసింది. చెడ్డమనిషి కాదు. ఈ ఇంట్లో అందరూ నమ్మే మాటే అతనూ నమ్మాడు. అందుకే ఆ మాట అంత తేలిగ్గా అన్నాడు.

"అవునండీ, కన్నది నేనే," అంది. "కాళ్ళు పీకుతున్నాయా?"

"పీకుతున్నాయి. రాత్రంతా పీకాయి. కడుపులో తిప్పుతోంది. జాడీ తెప్పించు ఛాయా, ఈ గోల తర్వాత పడదాం."

"నిరుడు చల్లపల్లి పెళ్ళికి వెళ్ళినప్పుడు కూడా ఇంతే. జాడీ మర్చిపోయారు. రెండో రోజుకే దుప్పటి కప్పుకున్నారు. మే నెలలో. మామయ్యగారు బస్సులో జాడీ పంపించగానే లేచి వడ్డన చేశారు. అప్పుడు తట్టింది నాకు."

"అదిగో," అన్నాడు బసవయ్య. "మందు పని చేసిందని నువ్వే ఒప్పుకుంటున్నావు."

ఛాయాదేవి పిల్లకి పాత చీర చుట్టింది. ఏం మాట్లాడినా ఆయన దాన్ని లేహ్యం ఖాతాలోనే వేసుకుంటాడు.

"సరే పదండి," అన్నాడాయన, ఉత్తరీయం దులిపి భుజాన వేసుకుంటూ. "మగాణ్ణి పురుళ్ళ డాక్టరు దగ్గరికి తోలుకెళ్ళటం నేనెక్కడా చూళ్ళా. అయినా వస్తా. నా జాడీ నేను తెచ్చుకుంటా."

*

అమలమ్మ డాక్టరు వన్‌టౌన్‌లో సొంతింటి ముందు గదుల్లోనే వైద్యం చేస్తుంది. రెండు రిక్షాలు ఆగేసరికి బెంచీల నిండా ఆడవాళ్ళు ఉన్నారు. వాళ్ళ తాలూకు మగవాళ్ళు బయట రేకుల చూరు కింద బీడీలు కాలుస్తూ నిలబడ్డారు. రామకోటేశ్వరరావు కూడా అటే వెళ్ళబోయాడు. ఛాయాదేవి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది.

నిండు నెలల మనిషి ఒకామె అతని వాలకం చూసి పక్కకి జరిగింది. "కూర్చోండన్నయ్యగారూ. మా కంటే మీరే నీరసంగా ఉన్నారు."

బెంచీ మీద నవ్వులు లేచాయి. అతను కూర్చోలేక, నుంచోలేక గోడకి ఆనుకున్నాడు. బసవయ్య కొడుకుని చూసి తలతిప్పుకున్నాడు.

పేరు పిలిచారు. నలుగురూ లోపలికి వెళ్ళారు. డాక్టరు బల్లమీద, స్టెతస్కోపు పక్కన, జాడీ ఉంది. మూతికి కట్టిన గుడ్డ ఎవరో విప్పి మళ్ళీ కట్టారు. బసవయ్య మొదట దాన్నే చూశాడు.

అమలమ్మ పిల్లని తూచింది, కనురెప్పలు ఎత్తి చూసింది, వేలు నోట్లో పెట్టి చప్పరిస్తుందేమో చూసింది. "పోయిన వారానికి కొంచెం నయం," అంది. "కొంచెమే. ఉగ్గుగిన్నె మానకమ్మా. ఒళ్ళు చల్లబడనివ్వకు." తర్వాత కుర్చీ తిప్పి రామకోటేశ్వరరావు వైపు కూర్చుంది.

"ఈ లేహ్యం ఎన్నాళ్ళనుంచి తింటున్నారు?"

"మూడేళ్ళు దాటింది," అన్నాడు బసవయ్య.

"రోజుకెంత?"

"పొద్దున ఉసిరికాయంత. బాబు పోయిన తర్వాత సాయంత్రం కూడా."

"మానేస్తే ఎలా ఉంటుంది?"

"మానేదేముందండీ, మానకూడదు దాన్ని. వరసగా తినాలి."

డాక్టరు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. "పెద్దాయనా, మీ అబ్బాయికి మాటలొచ్చా?"

"ఎందుకు రావు?"

"అయితే ఆయన్ని చెప్పనివ్వండి."

రామకోటేశ్వరరావు చేతిరుమాలుతో ముక్కు తుడుచుకున్నాడు. "మానేస్తే ఇదుగో, ఇట్లా ఉంటుందండీ. ఒళ్ళంతా గుంజుతుంది. చలి. తింటే ఏమీ ఉండదు. హాయిగా ఉంటుంది."

"విరేచనం?"

అతను ఆడవాళ్ళ ముందు ఆ మాటకి సిగ్గుపడ్డాడు. "మూడు రోజులకోసారి."

"ఊఁ." డాక్టరు జాడీని బల్ల మధ్యకి జరిపింది. "దీన్ని నిన్ననే నాకు తెలిసిన లేబరేటరీలో చూపించాను. తేనె ఉంది, నెయ్యి ఉంది, అశ్వగంధ లాంటివేవో ఉన్నాయన్నారు. వాటితో నాకు పేచీ లేదు. నల్లమందు ఉంది. బాగా ఉంది."

రామకోటేశ్వరరావు నవ్వబోయాడు. "నల్లమందా? నేను సిగరెట్టు కూడా కాల్చనండీ."

అతను తండ్రి వైపు తిరిగాడు. బసవయ్య ఆశ్చర్యపోయి ఉంటాడనుకున్నాడు. ఆయన మొహంలో ఆశ్చర్యం లేదు. పట్టుబడిన బెదురు కూడా లేదు. తెలిసిందే కదా అన్నట్టు కూర్చున్నాడు.

"నీకు తెలుసా నాన్నా?"

"తెలీకేం? అది పడందే పాకం కుదరదు. ఆచారి నాకు చూపించే వేస్తాడు. నల్లమందంటే అదేదో విషమన్నట్టు చూస్తావేంట్రా? మా చిన్నప్పుడు నాట్లకెళ్ళే ఆడాళ్ళు చంటిపిల్లలకి ఇంత నాలిక మీద రాసి గట్టున పడుకోబెట్టేవాళ్ళు. మందులో పడితే మందు. ఊరికే తింటే మత్తు."

"నాకు చెప్పలేదు నువ్వు."

"మందులో ఏమేం వేశారో తినేవాడికి చెప్తారా ఎవరన్నా?"

ఛాయాదేవి కళ్ళు మూసుకుంది. ఇంత తేలిగ్గా బయటపడిన మాట కోసమా తను ఇన్ని నెలలు నిద్రలేకుండా ఆలోచించింది? అడిగి ఉంటే మొదటి రోజే చెప్పేవాడేమో ఈ మనిషి. అడగాలని ఎవరికీ తోచలేదు. తనకీ తోచలేదు.

"అమ్మా, నీతో కూడా నాకు కోపంగానే ఉంది," అంది డాక్టరు ఆమె వైపు తిరిగి. "చూసి పెట్టండని జాడీ ఇచ్చావు. అది నిన్న పొద్దుటిదాకా ఆయన తింటున్నదేననీ, ఇంట్లో ఇంకోటి లేదనీ చెప్పలేదు. మూడేళ్ళు అలవాటైనవాణ్ణి ఒక్కసారి మాన్పిస్తే ఇంతే. మొండితనంతో మానేది కాదిది. కొలత పెట్టి, తగ్గిస్తూ తగ్గిస్తూ మాన్పించాలి. పక్కన మనిషి ఉండాలి. ఇంకో రోజు ఇట్లాగే ఉంచితే ఆయనే గోడ దూకి పోతాడు, మళ్ళీ నా మొహం చూడడు."

"నాకు తెలియలేదండీ."

"సరే." ఆమె మళ్ళీ రామకోటేశ్వరరావుతో అంది. "సాయంత్రం నాలుగింటికి రండి. వెనక గదిలో మంచం వేయిస్తాను. మా తమ్ముడు శౌరయ్య ఇట్లాంటివాళ్ళని చూసే డాక్టరే, తను అప్పటికి వచ్చి దగ్గరుండి చూస్తాడు. పది పదిహేను రోజులు పడుతుంది. వస్తారా?"

అతను పెళ్ళాం ఒళ్ళో పిల్ల గుప్పెట్ల వైపు చూశాడు. "ఈ వణుకు దానివల్లేనా?"

"తెలియదు," అంది అమలమ్మ. "అబద్ధం చెప్పను. చదువుకున్న చదువంతా తల్లి గురించే. తండ్రి గురించి మా పుస్తకాల్లో పేజీ లేదు. ఈ మధ్య పైదేశాల్లో ఎలకల మీద చూశారు. మగ ఎలకలకి ఈ జాతి మందే పెట్టారు. ఆడవాటికి ఏమీ పెట్టలేదు. పుట్టిన పిల్లలు చిన్నవిగా పుట్టాయి. చాలావరకు బతకలేదు."

"ఎలకలతో పోలుస్తారేంటండీ మావాణ్ణి?" అన్నాడు బసవయ్య.

"పోలిక నచ్చకపోతే వదిలేద్దాం. ఎలకకి జరిగిందల్లా మనిషికి జరుగుతుందని నేనూ అనను. కానీ ఈ అమ్మాయిని పరీక్షించని పరీక్ష లేదు. ఏ లోపమూ దొరకలేదు. మూడు కాన్పులు. మూడింటికీ ముందు ఈయన తిన్నది ఇదొక్కటే. అది మాన్పించి చూడకుండా ఇంకో బిడ్డని కనమని నేను చెప్పను. ఇంకొకర్ని చెప్పనివ్వను కూడా."

బసవయ్య జాడీ అందుకోబోయాడు. డాక్టరు దాని మీద చెయ్యి పెట్టింది.

"నాకు అర్థం కాదమ్మా మీ వరస," అన్నాడాయన. గొంతు పెద్దదైంది. "ఇదేమన్నా నిన్నగాక మొన్న పుట్టిన మందా? ఆచారి నాన్న చేతి లేహ్యం నేను తిన్నా. పెళ్ళయిన దగ్గర్నుంచి తిన్నా. నాకేమైంది? ఇదుగో, నిలువెత్తు కొడుకు. మీ ముందే ఉన్నాడుగా."

"ఈయన మీకు మొదటి సంతానమా?"

"నాలుగో కాన్పు," అంది మాణిక్యమ్మ. ఆ గదిలోకి వచ్చాక ఆమె మాట్లాడటం అదే మొదలు.

"ముందు ముగ్గురు?"

మాణిక్యమ్మ చీర కొంగు సర్దుకుంది. "ఒకటి నెలలు నిండకుండా పోయింది. ఆడపిల్ల ఒకతి ఏడాది బతికింది. కూచునేది కాదు. ఇంకోడు పుట్టినరోజే."

"దీని కడుపు శని," అన్నాడు బసవయ్య. "మా అమ్మ శనివారాలు పట్టించింది. ఆ పుణ్యానా, ఈ లేహ్యం బలానా వీడు నిలిచాడు."

"ఈయన కడుపున పడేనాటికి మీరు లేహ్యం తింటున్నారా?"

"ఆ ఏడు ఎక్కడుందండీ? ఆచారి నాన్న పక్షవాతంతో మంచాన పడ్డాడు. ఏడాది పైగా పాకం దించినవాడు లేడు. కీళ్ళ నొప్పులతో చచ్చా నేను. అయినా ముందు తిన్న బలం ఊరికే పోద్దా? ఆ బలమే వీడు."

చెప్పి, సభలో నెగ్గినవాడిలాగా వెనక్కి ఆనుకున్నాడు. తను ఏం చెప్పాడో ఆయనకి తెలియలేదు.

డాక్టరు మాణిక్యమ్మ వైపు చూసి, "ఇది రుజువు కాదమ్మా. ముప్ఫై ఏళ్ళ కిందటి సంగతి. ఎన్ని కారణాలుంటాయో," అంది.

మాణిక్యమ్మ ఆ మాట విన్నట్టు లేదు. మొగుడి వైపు చూస్తోంది. కోపంగా కాదు. సంతలో ఎప్పుడో చూసిన మనిషిని, ఎవరబ్బా అని గుర్తు తెచ్చుకుంటున్నట్టు చూస్తోంది.

*

మాణిక్యమ్మ ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని పెరటి గుమ్మంలో కూర్చుంది.

బసవయ్య మాత్రం దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు, ఇంటికొచ్చీ మాట్లాడుతున్నాడు. జాడీ ఇవ్వలేదు ఆ డాక్టరమ్మ. పరాయి ఇంటి వస్తువు ఉంచేసుకోవడానికి ఆవిడెవరు? మగాణ్ణి పురుళ్ళాసుపత్రిలో పడుకోబెడితే లారీ ఆఫీసులో ఏమని చెప్తారు, పురుడొచ్చిందనా? "నాకు అన్నం వద్దు," అని చెప్పి వీధరుగు మీద కూర్చున్నాడు. వద్దన్నవాడు లోపలికి వినబడేలాగా కొడుకుని పిలిచాడు.

"కోటేశూ. ఒంటిగంట బస్సుంది. ఆచారి ఇవాళ కొత్త పాకం దించుతానన్నాడు. వెళ్ళి అక్కడే ఉసిరికాయంత నోట్లో వేసుకో. ఈ వణుకూ గుంజుడూ నిమిషంలో పోద్ది. నిమ్మళంగా ఉన్నప్పుడు ఆలోచిద్దాం, డాక్టరమ్మ సంగతి."

ఛాయాదేవి వసారాలో నిలబడి ఉంది. "నాలుగింటికి రమ్మన్నారండీ."

రామకోటేశ్వరరావు స్తంభానికి ఆనుకుని మెట్టుమీద కూర్చున్నాడు. చెమట పోస్తోంది, మళ్ళీ చలి అంటున్నాడు. "నాలుగింటిదాకా ఉండలేను ఛాయా. అబద్ధం ఎందుకు? ఒక్కసారి వెళ్ళి తినొస్తా. తిని వచ్చి, ఆవిడ దగ్గరికి వెళ్తా."

"తిన్న తర్వాత వెళ్ళరు."

"వెళ్తానంటున్నాగా."

"హాయిగా ఉన్నప్పుడు ఆసుపత్రికి ఎవరు వెళ్తారు? మీ నాన్నగారు ఊరుకుంటారా? నేను మిమ్మల్ని ఏమీ అడగలేదు ఇంతవరకూ. ఉద్యోగం వదిలేటప్పుడు కూడా ఎందుకని అడగలేదు. ఈ మూడు గంటలు అడుగుతున్నాను."

"మూడు గంటలంటే నీకు తెలీదు."

అదీ నిజమేనేమో. అతను పళ్ళు బిగించి మోకాళ్ళు చేతులతో చుట్టుకున్నాడు. ఒక మాటు దూరంగా బస్సు హారను లాంటిదేదో వినబడితే తల ఎత్తాడు. లారీ. తల దించాడు.

వంటింట్లో కంచం చప్పుడైంది.

"అమ్మాయ్, అన్నం పెట్టు."

ఛాయాదేవి లోపలికి వెళ్ళింది. అత్తగారు పీట వేసుకుని, కంచం ముందు పెట్టుకుని, మంచినీళ్ళ చెంబుతో సహా కూర్చుని ఉంది.

"శనివారం గదత్తయ్యగారూ. పాలూ పండూ తీసి ఉంచాను."

"తెలుసు. అన్నం పెట్టు."

ఛాయాదేవి పెట్టింది. ముద్దపప్పు వేసింది, దోసకాయ పచ్చడి వేసింది. నెయ్యి గిన్నె ఎత్తి ఆగింది. పొయ్యమన్నట్టు మాణిక్యమ్మ చెయ్యి ఊపింది. కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. నమలడానికి చాలాసేపు పట్టింది.

అరుగు మీదనుంచి బసవయ్య కిటికీలోకి వంగి చూశాడు. "ఏంటే అది? శనివారం పూట?"

"ఆకలేస్తోంది."

"ముప్ఫై ఏళ్ళు లేని ఆకలి ఇవాళ వచ్చిందా?"

"ముప్ఫై ఏళ్ళూ వేసింది." ఇంకో ముద్ద కలిపింది. "మీ అమ్మ నన్ను వాకిట్లో కూర్చోబెట్టి అంటూ ఉంటే మీరు ఇట్లాగే అరుగుమీద కూర్చుని విన్నారు. పిల్ల కూచోటం లేదంటే నా కడుపన్నారు. మీరు పాలల్లో కలుపుకుని ఆ లేహ్యం తాగుతూనే ఉన్నారు అప్పుడు. గ్లాసు నేనే కడిగేదాన్ని."

"ఆ డాక్టరు రుజువు కాదందిగా."

"అంది. నా కడుపు శనీ రుజువు కాలేదుగా. అయినా నేను శనివారాలు పట్టలా?"

బసవయ్య కిటికీ వదిలి వెనక్కి జరిగాడు.

అప్పుడు వినబడింది హారను. ఈసారి బస్సే. మలుపు దగ్గర వేగం తగ్గిన మోత కూడా వినబడింది. రామకోటేశ్వరరావు మెట్టుమీదనుంచి లేచి, తూలి, స్తంభం పట్టుకున్నాడు. ఒక కాలితో వెతుక్కుని చెప్పులు వేసుకున్నాడు.

"ఇప్పుడే వస్తా," అన్నాడు, ఎవరితో అన్నది తెలియకుండా.

"కోటేశూ." మాణిక్యమ్మ కంచం ముందు నుంచి లేవకుండానే పిలిచింది. "పిల్లని ఎత్తుకో."

అతను ఆగాడు. "మెడ నిలవలేదు గదమ్మా. మగాళ్ళు ఎత్తుకోకూడదని నువ్వేగా అన్నావు."

"చాలా అన్నాన్రా నేను. ఎత్తుకో. ఎత్తుకుని, ఎటు వెళ్తున్నావో దానికి చెప్పి వెళ్ళు."

ఛాయాదేవి ఉయ్యాల్లోంచి పిల్లని తీసింది. ఇవ్వాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించింది. అతని చేతులు నిలకడగా లేవు. "కూర్చోండి," అంది. అతను మెట్టుమీద కూర్చున్నాడు. పాత చీర మడతల్లో చుట్టిన పిల్లని ఒళ్ళో పెట్టి, తల కింద తన చెయ్యి అలాగే ఉంచింది.

పుట్టిన దగ్గర్నుంచి అతను దాన్ని ఇంత దగ్గరగా చూడలేదు. దాని గుప్పెట్లు వణుకుతున్నాయి. వాటిని పట్టుకుందామని తన వేళ్ళు చాపాడు. అవీ వణుకుతున్నాయి. రెండూ కలిసిన చోట ఏది ఎవరి వణుకో ఛాయాదేవికి తెలియలేదు.

మూలమలుపులో బస్సు ఆగింది. "మైలవరం, మైలవరం," అని కండక్టరు రేకు మీద కొడుతున్నాడు.

బసవయ్య అరుగు దిగి వీధిలోకి వెళ్ళి చెయ్యెత్తాడు. "ఒక్క నిమిషం ఆపవయ్యా. మనిషొస్తున్నాడు."

వంటింట్లో మాణిక్యమ్మ తినడం ఆపింది.

రామకోటేశ్వరరావు తల ఎత్తలేదు. కాళ్ళకి చెప్పులు అలాగే ఉన్నాయి.